జల్లెడకు చిక్కని రెండో మాట

ట్రామ్ స్టాపులో ఫోన్ మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి బెంచీ మీద ఒరిగిపోతే, పక్కనున్నవాళ్ళు కళ్ళు తిరిగాయేమో అనుకున్నారు. ఎవరో నీళ్ళు తెచ్చారు. ఇంకెవరో కాలర్ వదులు చేశారు. కోటు మీద ఎర్రటి మరక పాకడం చూశాక అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆ గోలలో సైలెన్సర్ తగిలించిన పిస్టల్‌ని జేబులో పెట్టుకుని ట్రామెక్కినవాణ్ణి ఎవరూ చూడలేదు.

పోయినాయన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మేష్టారు అనేవారు. సీక్రెట్ సర్వీస్ కంప్యూటర్ విభాగానికి పెద్ద. ఫోన్‌లో అవతల ఉన్నది ఏజెంట్ బాణం.

"రెండోది చదవాలి," అన్నారు మేష్టారు ఆయాసపడుతూ. "వింటున్నావా? మొదటిది కాదు, రెండోది..."

అంతే. ఆ తర్వాత వినిపించింది ట్రామ్ గంట ఒక్కటే.

ఆ రోజు నుంచీ 'రెండోది' డిపార్ట్‌మెంట్‌ని కాల్చుకు తింది. రెండో అనుమానితుణ్ణి పట్టుకొచ్చి ప్రశ్నించారు. వాడు దంతవైద్యుడని తేలింది. ఆ సమయానికి స్టాపులో ఆగిన ట్రామ్‌లో రెండో పెట్టె సీట్లన్నీ ఊడదీశారు. మేష్టారి బల్లకి రెండో సొరుగు లాగితే అందులో పాత చార్జర్లు, ఆయన కళ్ళద్దాల పెట్టె కనిపించాయి. బాణం ఆ పెట్టె చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ఆఖరి మాట తన చెవిలోనే పడింది. దానికి అర్థం మాత్రం బుర్రలోకి దిగటంలేదు. రోజూ అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే ఆ గొంతే వినిపించేది. తల గోడకేసి బాదుకోవాలనిపించేది.

గురువారం ఉదయం పెద్దాయన పిలిపించాడు. సర్వీస్ చీఫ్. గదిలో కిటికీలుండవు. ఆయన ముఖంలో చిరునవ్వు ఉండదు.

"వలసపక్షులు," అన్నాడు ఫైల్ ముందుకు తోసి.

దేశంలో దూరిన విదేశీ ముఠాకి సర్వీస్ పెట్టుకున్న పేరు అది.

"ఆ ముఠా కోసం విషవాయువు తయారుచేసిన కెమిస్ట్ మనవైపు వచ్చేశాడు. రేపు, శుక్రవారం, కాన్ఫరెన్స్ సెంటర్‌లో పన్నెండు దేశాల ప్రతినిధుల ముందు సాక్ష్యం చెబుతాడు. ఈ సాయంత్రం రిహార్సల్. అతను నోరు విప్పితే ముఠా పని అయిపోయినట్టే."

"అతను నోరు విప్పకుండా వాళ్ళు ఏంచేస్తారు సార్?"

"అది చెప్పాల్సింది ముత్యం. చెప్పట్లేదు."

ముత్యం ఫోటో బల్ల మీద పడింది. కాన్ఫరెన్స్ సెంటర్‌లో ఇంటర్‌ప్రెటర్. నల్లటి సిల్కు డ్రెస్, మెడలో ఒంటి పేట ముత్యాలు, ఎదుటివాణ్ణి కొలిచి పక్కన పెట్టేసే చూపు. వలసపక్షులు ఆమెని తమ మనిషే అనుకుంటున్నారు. సర్వీస్ కూడా తమ మనిషే అనుకుంటోంది. డబుల్ ఏజెంట్.

"ముఠా కోసం సెంటర్‌లో గదులు బుక్ చేసేది ఆమే," అన్నాడు పెద్దాయన. "ప్రతి బుకింగ్‌కీ ఒక లింకు తయారవుతుంది. వాళ్ళకి పంపే లింకే మనకీ పంపుతుంది. అందులోనే కబురు దాచి పంపాలని ఒప్పందం. మేష్టారు రాసిన 'జల్లెడ' ప్రోగ్రాం ప్రతి లింకునీ చదువుతోంది. ఇదిగో, నిన్నటి రిపోర్ట్."

బాణం చదివాడు. గది: ఏడు. రోజు: శుక్రవారం. వస్తువు: నీళ్ళ సీసాలు. ఛానెల్: మూడు.

"ఇంతేనా?"

"ఇంతే. వారాల తరబడి ఇవే నీళ్ళ సీసాలు. నా లెక్కలో ఆమె అమ్ముడుపోయింది. మేష్టారిని పట్టించింది కూడా ఆమే అయ్యుండాలి. నువ్వు మైక్ టెక్నీషియన్ వేషంలో లోపలికి వెళ్ళు. ఆమె కెమిస్ట్ దగ్గరికి ఒక్క అడుగు వేస్తే..." పెద్దాయన సైలెన్సర్ ఉన్న పిస్టల్ తీసి ఫైల్ పక్కన పెట్టాడు.

"సార్, అసలు లింకు చూడొచ్చా? రిపోర్ట్ కాదు, లింకు."

"అది కంప్యూటర్ విభాగం దాటకూడదు. రూల్."

బాణం పళ్ళు కొరుక్కుని పిస్టల్ తీసుకున్నాడు. పరికరాల విభాగం ఇచ్చిన పెన్ కెమెరా కారిడార్ దాటేలోపే ఇంకు కక్కి చొక్కా జేబు పాడుచేసింది.

కాన్ఫరెన్స్ సెంటర్ పెద్ద హాలు ఖాళీగా ఉంది. గుర్రపు నాడా ఆకారంలో బల్లలు, ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు, ఒక హెడ్‌సెట్, అందులో ఒక్కో భాషకీ ఒక్కో ఛానెల్. పైన వెనక గోడకి ఇంటర్‌ప్రెటర్లు కూర్చునే గాజు బూత్‌లు. వాటికి ఎదురుగా, హాలుకి అటువైపు, కంట్రోల్ రూమ్. నీలం రంగు ఓవరాల్ వేసుకుని, అతికించిన మీసం చెమటకి జారకుండా అదిమిపెట్టుకుంటూ బాణం మెట్లెక్కి బూత్‌లోకి వెళ్ళాడు.

ముత్యం లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఆమె వెనకే ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు. బూడిదరంగు సూటు, చేతికి తోలు గ్లవ్స్. హాలు సూపర్‌వైజర్. ముఠా నాయకుడు అతనేనని సర్వీస్‌కి అనుమానం. రుజువు మాత్రం లేదు.

"మైకులో గరగర వస్తోందని కంప్లయింట్ ఇచ్చారటగా మేడమ్?" అన్నాడు బాణం. అది కోడ్.

"గరగర కాదు. రెండు గొంతులు వస్తున్నాయి. మీవాళ్ళకి ఒకటే వినిపిస్తున్నట్టుంది."

కోడ్‌లో మొదటి రెండు వాక్యాలే ఉన్నాయి. చివరి వాక్యం ఆమె సొంతం.

"ఏ రెండు గొంతులు మేడమ్?"

సూపర్‌వైజర్ దగ్గాడు. హాలంతా మైకులే. ఇక్కడ గుసగుసలాడినా కంట్రోల్ రూమ్‌లో వినిపిస్తుంది.

"బుకింగ్ లింకులు పంపుతూనే ఉన్నాను," అంది ముత్యం విసుగ్గా, నిజంగానే విసుగ్గా. "మీ ఆఫీసులో చదివేవాళ్ళున్నారా, లేక పేరు చూసి పక్కన పడేస్తారా? మీ నంబర్‌కే పంపుతున్నా, తీసుకెళ్ళి ఎవరికైనా చదవడం వచ్చినవాళ్ళకి చూపించండి." లాప్‌టాప్ మీద ఒక మీట నొక్కింది.

బాణం జేబులో ఫోన్ అదిరింది. సూపర్‌వైజర్ వంగి ఆమె స్క్రీన్ చూశాడు. గది ఏడు, శుక్రవారం, నీళ్ళ సీసాలు. తల ఊపి, వెళ్ళమన్నట్టు తలుపు చూపించాడు.

బయటికొచ్చి బాణం ఆ లింకుని పది రకాలుగా చూశాడు. తాడంత పొడుగు. అక్షరాలు, అంకెలు, మధ్యమధ్య పర్సెంట్ గుర్తులు. నొక్కితే మళ్ళీ అవే నీళ్ళ సీసాలు! ఫోన్‌ని నేలకేసి కొట్టబోయి ఆగిపోయాడు. చదవడం వచ్చినవాళ్ళు.

సెంటర్‌కి రెండు వీధుల అవతలే అన్నయ్య ఇల్లు. అన్నయ్య ఊళ్ళో లేడు. వదిన ఇంట్లోంచే పనిచేస్తుంది. వెబ్ అప్లికేషన్లు రాస్తుంది.

తలుపు తీసిన వదిన అతని మీసం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఇదేం అవతారం చిన్నా?"

"డ్యూటీ డ్రెస్ వదినా." ఇంట్లోవాళ్ళకి అతను స్పీకర్లు అమ్మే కంపెనీలో ఉద్యోగి.

"స్పీకర్లు అమ్మేవాళ్ళకి మీసం కూడా కంపెనీయే ఇస్తుందా? ఒకపక్క ఊడింది, చూసుకో." పక్కకి జరిగి లోపలికి రానిచ్చింది. "పిల్లదాని పుట్టినరోజుకి రాలేదు. మీ అన్నయ్య పడిపోయి కాలికి కట్టు వేయించుకుంటే ఫోనైనా చెయ్యలేదు. ఇవాళ మాత్రం పని నా చేతుల్లో ఉంది కాబట్టి దారి గుర్తొచ్చింది. అంతేగా?"

"తిట్లన్నీ తర్వాత ఒకేసారి తింటాను వదినా. ముందు ఇది చూడు."

డైనింగ్ టేబుల్ మీద పిల్లదాని రంగుపెన్సిళ్ళు పక్కకి నెట్టి వదిన ఫోన్ తీసుకుంది. లింకుని తన లాప్‌టాప్‌లోకి పంపుకుని కళ్ళద్దాలు సర్దుకుంది.

"పేజీలో ఏముంది అని అడుగుతున్నావా, అడ్రస్‌లో ఏముంది అనా?"

"రెండూ ఒకటే కదా?"

"కాదు కదా! ఇదిగో, ఈ ప్రశ్న గుర్తు చూడు. దీని ముందున్నది పేజీ చిరునామా. దీని తర్వాతదంతా ఆ పేజీకి మనం అప్పజెప్పే వివరాలు. ఒక పేరు, సమానం గుర్తు, ఒక విలువ. ఒక్కో జతకీ మధ్య ఈ మెలిక తిరిగిన 'అండ్' గుర్తు. పేజీ తెరుచుకోగానే లోపలి కోడ్ ఈ తోక పట్టుకుని 'గది ఏది? రోజు ఏది?' అని అడిగి తీసుకుంటుంది."

"ఈ పర్సెంట్ గుర్తులు?"

"ఖాళీలకీ, కొన్ని గుర్తులకీ అడ్రస్‌లో చోటుండదు. అందుకని అలా వేషం మార్చుకుని వస్తాయి, నీలాగే. ఆగు, విప్పేస్తాను." వదిన వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి. తర్వాత ఆగాయి. "ఓహో."

"ఏంటి?"

"గది అనే పేరు రెండుసార్లుంది. రోజూ రెండుసార్లుంది. అన్నీ రెండేసి సార్లున్నాయి."

బాణం కుర్చీలోంచి లేచాడు. అతని చెవిలో ట్రామ్ గంట మోగింది.

"మా ఆఫీసు ప్రోగ్రాం అన్నీ ఒక్కసారే చూపించింది."

"చూపిస్తుంది మరి. మీవాళ్ళు కోడ్‌లో 'గెట్' అని అడిగారేమో. అలా అడిగితే మొదటిది చేతిలో పెట్టి ఊరుకుంటుంది. ఇంకోటి ఉందని చెప్పదు, తప్పని కూడా అనదు. 'గెట్ ఆల్' అని అడిగితేనే అన్నీ ఇస్తుంది. అసలు ఒకే పేరు రెండుసార్లొస్తే ఏంచెయ్యాలన్నది రాసినవాళ్ళ ఇష్టం చిన్నా. కొందరు మొదటిది తీసుకుంటారు, కొందరు చివరిది, కొందరు రెండూ. ఒకే సిస్టమ్‌లో అనుమతి చూసే తలుపు దగ్గర ఒకలా, లోపల ఇంకోలా చదివారంటే మా ప్రాణం మీదికొస్తుంది."

"రెండోవి చదువు వదినా. రెండోవి మాత్రమే."

వదిన ఒక వరస కోడ్ రాసి నడిపింది. స్క్రీన్ మీద కనిపించినవి పైకి చదవడం మొదలుపెట్టింది. "గది, పెద్ద హాలు. రోజు, గురువారం. వస్తువు..." ఆమె స్క్రీన్ దగ్గరికి వంగింది. "వస్తువు, బాంబున్న హెడ్‌సెట్. ఛానెల్, తొమ్మిది."

"గురువారం అంటే ఇవాళే," అంది వదిన. "చిన్నా, నువ్వు నిజంగా స్పీకర్లే అమ్ముతావా?"

అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

పరుగెత్తుతూనే పెద్దాయనకి ఫోన్ చేశాడు. "సార్, దెబ్బ రేపు కాదు. ఇవాళే, రిహార్సల్‌లోనే. కెమిస్ట్ హెడ్‌సెట్ తొమ్మిదో ఛానెల్‌కి మారగానే పేలుతుంది. అతన్ని బయటికి తీయించండి!"

"ఎవరు చెప్పారు?"

"ముత్యం లింకులోనే ఉంది. రెండో విలువలు సార్! జల్లెడ మొదటివి చదివి ఆగిపోయింది. మేష్టారు చెప్పింది అదే."

పెద్దాయన గొంతు ఎప్పటిలా తొణకలేదు. "అతను హాల్లో ఉన్నంతసేపే భద్రం. బయటికి తీస్తే కారిడార్‌లో కాల్చేస్తారు. ఆమెకి కావలసింది అదే. నిన్ను బుట్టలో వేసింది బాణం. జల్లెడలో నీళ్ళ సీసాలే ఉన్నాయి."

"జల్లెడే తప్పు సార్!"

"నేను ఒక మనిషిని పంపి చూపిస్తాను." లైన్ కట్టయింది.

బాణం నోటికొచ్చిన తిట్టు బయటపెట్టాడు. పక్కన సైకిల్ మీద వెళుతున్న ఒక పెద్దమనిషి తననే అనుకుని మరింత వేగంగా తొక్కాడు.

హాలు తలుపులు మూసేశారు. ముందు నిలబడ్డ గార్డులు సర్వీస్ మనుషులే. కానీ రిహార్సల్ ముగిసేదాకా ఎవరినీ పంపొద్దని ఆర్డర్. ముందుకొస్తే కాల్చమని కూడా. మైక్ రిపేర్ అన్నా, ప్రాణం పోతుందన్నా వాళ్ళ ముఖాల్లో చలనం లేదు. వాళ్ళతో వాదిస్తే రిహార్సల్ అయిపోతుంది. బాణం వెనక మెట్లమీదుగా బూత్‌లోకి దూసుకెళ్ళాడు.

"చదవడానికి ఇంతసేపా?" అంది ముత్యం. గాజులోంచి కింద కెమిస్ట్ కనిపించాడు. బట్టతల, నలిగిన కోటు, ముందు కాగితాలు. చెవులకి హెడ్‌సెట్. ఎదురుగా కంట్రోల్ రూమ్ ఖాళీ.

"సూపర్‌వైజర్ ఏడీ?"

"ఇప్పుడే బయటికి నడిచాడు. మార్పు ముందే షెడ్యూల్ చేశాడు, చూడండి."

లాప్‌టాప్‌లో హెడ్‌సెట్ల పేజీ. ఒకటో నంబర్ హెడ్‌సెట్, మూడు నుంచి తొమ్మిదికి. పక్కన మిగిలిన టైమ్ చూపించే సన్నటి ఎర్రగీత కరిగిపోతోంది. రద్దు బటన్ బూడిదరంగులో, నొక్కినా కదలటంలేదు.

"మైకులో చెప్పండి! తీసెయ్యమనండి!"

"అరిచి అరిచి గొంతు పోయింది. కంట్రోల్ రూమ్ నుంచి నా మైకుని ఆరో ఛానెల్‌కి మార్చి లాక్ చేసి వెళ్ళాడు. ఆయన వింటున్నది మూడు. అక్కడ టెస్టింగ్ కోసం పెట్టిన పాట తప్ప ఏమీ రాదు."

గాజు మీద దబదబా బాదారు. సౌండ్‌ప్రూఫ్. బాణం పిస్టల్ తీసి పేల్చాడు. బుల్లెట్‌ప్రూఫ్ కూడా! గాజు మీద చిన్న తెల్లటి మచ్చ పడింది. కింద ఎవరూ తల ఎత్తలేదు. ఇంత పకడ్బందీగా కట్టినవాళ్ళెవరో కనిపిస్తే అక్కడే కాల్చేసేవాడు.

"కెమిస్ట్ హెడ్‌సెట్‌ని ఆరుకి తెస్తే మీ మాట వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది. కానీ దాని బటన్లు నాకు లేవు. నా హెడ్‌సెట్ పద్నాలుగో నంబర్, అదొక్కటే నేను మార్చగలను."

బాణం పైన అడ్రస్ వైపు చూశాడు. ప్రశ్న గుర్తు. హెడ్‌సెట్ సమానం పద్నాలుగు. ఛానెల్ సమానం ఆరు. బటన్ లేకపోతేనేం? పద్నాలుగు చెరిపి ఒకటి కొట్టి ఎంటర్ నొక్కాడు.

'ఇది మీ హెడ్‌సెట్ కాదు. అనుమతి లేదు.'

"ఛీ!" అని బల్ల గుద్దాడు. ఎర్రగీత సగానికి వచ్చింది. మేష్టారి గొంతు, వదిన గొంతు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తలుపు దగ్గర ఒకలా, లోపల ఇంకోలా.

"ముందు మీది రాస్తాను," అన్నాడు. "తలుపు దగ్గరివాడు మొదటిది చూసి వదిలేస్తాడు. ఆ వెనకే రెండోది దూరుతుంది."

చెమటకి వేళ్ళు జారుతున్నాయి. హెడ్‌సెట్ సమానం పద్నాలుగు, అండ్, హెడ్‌సెట్ సమానం ఒకటి, అండ్, ఛానెల్ సమానం ఆరు. మొదటిసారి 'అండ్' గుర్తుకి బదులు దాని పక్క మీట నొక్కాడు. చెరిపాడు. మళ్ళీ కొట్టాడు. ఎంటర్.

పేజీ ఆలోచించింది. ఆ తెల్లటి ఖాళీ స్క్రీన్ చూస్తుంటే బాణానికి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కుప్పపోసి తగలబెట్టాలనిపించింది.

'మార్పు పూర్తయింది.'

ముత్యం మైకుని రెండు చేతులా పట్టుకుంది. కెమిస్ట్ సొంత భాషలో, ఒక తల్లి నిప్పుదగ్గరికి పోయిన బిడ్డని చూసి అరిచినట్టు అరిచింది.

కింద కెమిస్ట్ ఎగిరిపడ్డాడు. హెడ్‌సెట్ పీకి, పామును విసిరినట్టు ఖాళీ కుర్చీల వరసలోకి విసిరాడు. అది గాల్లో ఉండగానే ఎర్రగీత చివరికంటా కరిగిపోయింది.

బూత్ గాజు దడదడలాడింది. పొగ తేలిపోయాక చూస్తే కుర్చీల వరస లేదు. బల్ల కింద నుంచి ఒక బట్టతల నెమ్మదిగా పైకొచ్చింది.

ముత్యం కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "మేష్టారికి ఆ ఉదయమే నేను బయటి ఫోన్ నుంచి, గొంతు మార్చి చెప్పాను," అంది వేళ్ళ మధ్య నుంచి. "రెండోది చదవమని ఒక్క మాటే చెప్పాను. ఆయన ఫోన్ వాళ్ళు వింటున్నారని అప్పటికి నాకు తెలీదు."

బాణం ఒక్కక్షణం ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెట్లవైపు పరుగెత్తాడు.

పోర్టికోలో సూపర్‌వైజర్ కారు తలుపు తీసి నిలబడి, పేలుడు విన్న దిక్కుగా చెవి పెట్టి ఉన్నాడు. ముఖంలో తృప్తి. ఎదురుగా ఊడిన మీసంతో, ఇంకు జేబుతో ఒక టెక్నీషియన్ వచ్చాడు.

"సార్, ఒక హెడ్‌సెట్ పాడైందండీ."

"రేపు చూద్దాం," అన్నాడు సూపర్‌వైజర్ కారెక్కబోతూ.

"రేపటిది కాదు సార్, ఇవాళ్టిదే. వాడాల్సినాయన బాగానే ఉన్నాడు. మిమ్మల్ని గుర్తుపడతానంటున్నాడు."

గ్లవ్ ఉన్న చెయ్యి కోటులోకి వెళ్ళింది. బాణం పిస్టల్ అప్పటికే అతని పక్కటెముకలకి ఆనింది. ఒక్క క్షణం కాల్చాలనిపించింది. ఆ బెంచీ, ఆ కోటు మీది మరక కళ్ళముందు కదిలాయి. వేలు బిగిసింది. మెల్లగా వదులైంది. వెనక నుంచి గార్డులు పరుగెత్తుకొచ్చారు. ఈసారి మాత్రం ఎవరూ ఆర్డర్ల మాట ఎత్తలేదు.

శుక్రవారం కెమిస్ట్ నోరు విప్పాడు. మధ్యాహ్నంలోపే వలసపక్షులన్నీ బోనులో ఉన్నాయి. ముత్యాన్ని కొత్త పేరుతో దూరంగా పంపేశారు. ఎక్కడికో బాణానికి కూడా చెప్పలేదు. పెద్దాయన మేష్టారి ఇంటికి స్వయంగా వెళ్ళొచ్చి, చాలాసేపు తన గది తలుపు తెరవలేదు. తెరిచాక బాణాన్ని పిలిచాడు.

"పొరపాటు నాది," అన్నాడు పొడిగా. ఆయన నోటినుంచి ఆ మాట వినడం అందరికీ కొత్త. "మంచి పని చేశావు. రిపోర్ట్ ఈ సాయంత్రంలోగా కొత్త ఆన్‌లైన్ సిస్టమ్‌లో పెట్టు. కాగితాల మీద తీసుకోం."

బాణం కూర్చుని రాశాడు. హత్య దగ్గర్నుంచి పోర్టికో దాకా, ఒక్క కామా వదలకుండా, టీ చల్లారిపోయేదాకా రాశాడు. చివర్న తృప్తిగా ఒళ్ళు విరుచుకుని 'సమర్పించు' నొక్కాడు.

'మీ సెషన్ ముగిసింది. దయచేసి మళ్ళీ మొదటినుంచి ప్రారంభించండి.'

పదేళ్ళ సర్వీసులో పేలుడు చూసి బెదరని ఏజెంట్ బాణం, బల్ల మీద తల వాల్చి చాలాసేపు లేవలేదు.